షాపు పేరు కూడా తన పేరే

పోయిన నవంబరులో న్యూజెర్సీ నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, పాప పదకొండో క్లాసుకొచ్చేసింది. ఇప్పుడే ఏదో ఒకటి మొదలెట్టించు" అన్నాడు. ఏదో ఒకటంటే, అమెరికా కాలేజీల దరఖాస్తులో చూపించుకోవడానికి కాలేజీ స్థాయి క్లాసైనా చెయ్యాలి, ఇంటర్న్‌షిప్పైనా చెయ్యాలి. వాడి కొడుకు అక్కడ హైస్కూల్లో ఉంటూనే కౌంటీ కాలేజీలో లెక్కల క్లాసు చేస్తున్నాడు. ఆ గ్రేడు కాలేజీ రికార్డులోకి ఎక్కేస్తుంది. ఎ వస్తే సరే, సి వచ్చినా దాచుకోవడానికి లేదు. ఆ క్రెడిట్లు, అంటే క్లాసు పాసైనందుకు వచ్చే పాయింట్లు, కలుపుకోవాలో వద్దో మాత్రం రేపు చేరబోయే కాలేజీ ఇష్టం.

ఇక్కడ చెన్నైలో మా పక్క ఫ్లాటాయనకి ఈ తలనొప్పి లేదు. తమిళనాడులో ఇంజనీరింగ్‌కి ఎంట్రన్సు తీసేసి చాలా ఏళ్లయింది. ప్లస్ టూలో లెక్కలకి 100, ఫిజిక్స్‌కి 50, కెమిస్ట్రీకి 50, మొత్తం 200కి వచ్చిన మార్కే కటాఫ్, ఆపైన కౌన్సెలింగ్. వాళ్లబ్బాయి వేసవి సెలవుల్లో ఏం చేశాడని అడిగే నాథుడు లేడు. మా పాప అమెరికా అంటోంది కాబట్టి నాకీ పాఠాలు.

ముందు క్లాసు సంగతి. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్లో ఐఐటీ వాళ్ల పాఠాలతో పాటు మన సిరుసేరి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ మాధవన్ ముకుంద్ గారి పైథాన్ ప్రోగ్రామింగ్ కోర్సు ఉంది. ఎనిమిది వారాలు. వినడానికి డబ్బు కట్టక్కర్లేదు, పరీక్ష రాస్తేనే ఫీజు. పాప జనవరిలో చేరింది. చేరేటప్పుడు మేం చూసుకోనిది ఒకటే: ఫిబ్రవరిలో స్కూలు వార్షిక పరీక్షలు. వారం వారం అసైన్‌మెంటు గడువు, మర్నాడు కెమిస్ట్రీ. మా ఆవిడ రాత్రి పదకొండున్నరకి హాల్లో లైటార్పేస్తే పాప ఫోన్ టార్చి పెట్టుకుని ప్రోగ్రాము రాసింది. నూటికి 71 వచ్చింది, సర్టిఫికెట్ మీద ఎలీట్ అని ఉంది. స్కూలు కౌన్సెలర్ చూసి, "మంచిదే, కానీ దీన్ని కాలేజీ క్రెడిట్ అనుకోకండి" అన్నారు. అనుకోలేదు. కానీ పిల్ల అది నిజంగా నేర్చుకుంది, నా కళ్లతో చూశాను.

ఇక ఇంటర్న్‌షిప్పు. వాట్సాప్‌లో ఒకటొచ్చింది. రెండు వారాలు, ఆన్‌లైన్‌లోనే, 12,000 రూపాయలు, సర్టిఫికెట్‌తో పాటు రికమండేషన్ లెటరూ ఇస్తారట. చేసిన పనికి నేను డబ్బులివ్వడం చూశాను గానీ, పని చేసినందుకు ఎదురు డబ్బులు కట్టడం నా పదహారేళ్ల షాపులో చూడలేదు. వద్దన్నాను. అయితే ఎక్కడికి పంపాలి? తెలిసిన సాఫ్ట్‌వేర్ వాళ్లని ముగ్గుర్ని అడిగాను. ముగ్గురూ "తప్పకుండా" అన్నారు, ముగ్గురూ ఫోన్ ఎత్తడం మానేశారు. పదహారేళ్ల పిల్లకి ఏ పని అప్పజెప్పాలో వాళ్లకి మాత్రం ఏం తెలుసు పాపం.

చివరికి మా ఆవిడే అంది, "మన షాపు లేదా?"

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్లో నాది చిన్న జాబ్‌వర్క్ షాపు. రెండు సీఎన్‌సీలు, అంటే కంప్యూటర్‌తో నడిచే లోహం కోత మిషన్లు, ఒక పాత లేతు. బుష్‌లు, పిన్నులు లాంటి చిన్న విడిభాగాలు చేసిస్తాం. పాప ఒప్పుకోలేదు. "నాన్న దగ్గర పనంటే ఎవరు నమ్ముతారు నాన్నా?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఇంకో దారీ లేక మే నెలంతా వచ్చింది. కత్తిరి ఎండలు. పైన రేకులు, కింద కూలెంట్ వాసన. మిషన్ దగ్గరికి పోకూడదు, జడ విప్పకూడదు, చెకింగ్ టేబుల్ దాటకూడదు, ఇవీ నా షరతులు.

25 ఎంఎం బుష్ అది. పైకీ కిందకీ పది మైక్రాన్లకి, అంటే మిల్లీమీటరులో వందో వంతుకి, మించి తేడా రాకూడదు. పది పీసులకి ఒకటి తీసి మైక్రోమీటర్‌తో కొలిచి నోటుబుక్కులో రాయమన్నాను. మూడోరోజుకే కొలతల్ని పైథాన్‌లో ఎక్కించి గీత గీసింది. లోహాన్ని కోసే మొన, అదే ఇన్సర్ట్, అరిగేకొద్దీ సైజు మెల్లగా పెరుగుతూ పోతోంది, అది ఎవరికైనా తెలిసిందే. కానీ లంచ్ తర్వాత గీత తెగి వేరే చోట మొదలవుతోంది. రోజూ అంతే. కొలవడంలో తప్పేమో అని మళ్లీ కొలిచింది, మైక్రోమీటర్ మార్చి కొలిచింది. తప్పు కాదు. ముప్పావుగంట ఆగితే మిషన్ చల్లారుతుంది, మళ్లీ వేడెక్కేదాకా సైజు కుదురుగా ఉండదు.

కాగితం పట్టుకుని మా ఆపరేటర్ దగ్గరికెళ్లింది. పన్నెండేళ్లుగా నా దగ్గరున్న మనిషి. చూసి నవ్వి, "తెరియుమే పాపా" అన్నాడు, తెలుసుగా అని. అందుకే లంచ్ తర్వాత మొదటి మూడు పీసులు విడిగా పెడతాడట. ఓనర్ని నేను, నాకు తెలీదు. ఆ మూడూ స్క్రాపులో ఎందుకు పడుతున్నాయని రెండేళ్ల కింద ఆయన్నే కసిరాను కూడా.

పాప ముఖం చిన్నబోయింది. మర్నాడు మాత్రం స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుని, ఇంకేం తెలుసో అడగడం మొదలెట్టింది. కటింగ్ చప్పుడు మారితే ఇన్సర్ట్ పని అయిపోయినట్టు ఎలా తెలుస్తుంది, కోతలో రాలే లోహపు చిప్ రంగు ఎందుకు మారుతుంది, అన్నీ రాసుకుంది. చెకింగ్ టేబుల్ దాటకూడదన్న నా షరతు ఆ రోజుతో సరి. నేను స్టూలుని మాత్రం రెండడుగులు వెనక్కి జరిపించాను.

ఆగస్టు 1న కామన్ యాప్, అంటే అమెరికా కాలేజీల ఉమ్మడి దరఖాస్తు, తెరిచారు. చేసిన పనుల్ని రాసుకోవడానికి పది గడులు, ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలే, ఖాళీలు కూడా లెక్కే. ఇంగ్లీషులో రెండు వాక్యాలకే నిండిపోతుంది. క్లాసుకొక గడి, షాపుకొక గడి. క్లాసుది ఐదు నిమిషాల్లో అయిపోయింది. షాపుది నాలుగు రోజులైనా తెమల్లేదు. ఆపరేటర్‌కి ముందే తెలుసన్న మాట ఉండాలంటుంది పాప. ఆ మాట ఎందుకు, నువ్వు కనిపెట్టినట్టే రాయొచ్చు కదా అని బామ్మర్ది. అప్పుడది అబద్ధం మావయ్యా అని ఇది. నాన్న షాపు అన్న సంగతి తీసేస్తే చోటు మిగులుతుంది కదా అని నేనన్నాను.

"సంస్థ పేరు రాసే గడి వేరే ఉంది నాన్నా" అంది. పాప పుట్టిన ఏడు పెట్టిన షాపు. బోర్డు మీద ఉన్నది పాప పేరే.

నిన్న రాత్రి చూసేసరికి ఇంకా 11 అక్షరాలు ఎక్కువున్నాయి.