ఆ శనివారాలు ఎపిసోడ్ ఎందుకు రాలేదంటే

సంచిక కమిటీవాళ్ళు అందరినీ జ్ఞాపకాలు రాయమన్నారు. మెస్సు సాంబారు గురించీ, లెక్కల మాస్టారి స్కేలు గురించీ రాసేవాళ్ళకి కొదవుండదు కాబట్టి, మన బ్యాచ్‌లో తేలకుండా మిగిలిపోయిన తగువొకటి నేను తీసుకుంటున్నాను. ఈ వారం అనిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) ఎపిసోడ్ లేదని తెలిసినప్పుడల్లా హాస్టల్లో రెండు పార్టీలు లేచేవి. స్టూడియోవాళ్ళు బద్ధకస్తులని ఒక పార్టీ, డబ్బులు అయిపోయాయని ఇంకో పార్టీ. ఇద్దరూ పొరబడ్డారు. ఇది గీతల లెక్క, వరసలో ఎవరు ఎవరి కోసం ఆగాలన్న లెక్క.

అరగంట స్లాటులో యాడ్స్, పాటలు తీసేస్తే కథకి మిగిలేది సుమారు 21 నిమిషాలు. అందులో దాదాపు 300 కట్లు, అంటే కెమెరా మారకుండా సాగే ముక్కలు, ఉంటాయి. సెకనుకి 24 ఫ్రేములు. టీవీ అనిమేలో ఒక బొమ్మని మామూలుగా మూడు ఫ్రేముల పాటు నిలబెడతారు, అంటే సెకనుకి 8 బొమ్మలు. ఆ లెక్కన అన్నీ కదిలితే ఎపిసోడ్‌కి పది వేల బొమ్మలు కావాలి. అంత ఎవరూ గీయరు. మనిషి కదలకుండా నోరొక్కటే ఆడే కట్లు చాలా ఉంటాయి. నోటికి మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది, మూడు బొమ్మలు చాలు. ఇలా పొదుపు చేసుకుంటూ మూడు నాలుగు వేల బొమ్మల్లో ఎపిసోడ్ లాగించేస్తారు.

ఒక్క కట్ తీసుకుని చూద్దాం. పిలుపు విని హీరోయిన్ వెనక్కి తిరుగుతుంది, జుట్టూ గౌను అంచూ ఊగుతాయి, నాలుగు సెకన్లు. స్టోరీబోర్డు (సీన్ల వరసని చిన్న బొమ్మల్లో చూపే ప్లాను) చూసుకుని కీ యానిమేటర్, అంటే కదలికలో ముఖ్యమైన బొమ్మలు గీసేవాడు, ముందు లేఅవుట్ గీస్తాడు: కెమెరా ఎక్కడుంది, నేల ఎటు వాలింది, మనిషి ఎంత ఎత్తు. అది ఎపిసోడ్ డైరెక్టర్ దగ్గరికి వెళ్తుంది. అక్కణ్ణుంచి యానిమేషన్ డైరెక్టర్ దగ్గరికి, అంటే ఫ్యాన్స్ నోట్లో నలిగే ‘సాక్కాన్’ దగ్గరికి. ముఖం తేడాగా ఉంటే ఆయన రంగు కాగితం పైన పెట్టి సరిదిద్దుతాడు. దాన్నిబట్టి కీ బొమ్మలు శుభ్రంగా మళ్ళీ గీస్తారు. ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు నిలవాలో టైమ్ షీటులో రాస్తారు. ఒక షీటు ఆరు సెకన్లకి సరిపోతుంది. తర్వాత ఇన్‌బిట్వీన్, అంటే కీ బొమ్మల మధ్య నింపే బొమ్మలు, వాటి తనిఖీ, రంగులు. నేపథ్య చిత్రం వేరే దారిన వస్తుంది. చివర కంపోజిటింగ్‌లో అన్నీ కలిపి వెలుగూ నీడా వేస్తారు. కాగితం మీద నడిచే స్టూడియోల్లో ఈ కట్‌కి చెందినవన్నీ ఒక కవర్లో ఉంటాయి. ఆ కవర్లు పట్టుకుని అర్ధరాత్రి కారులో ఇంటింటికీ తిరిగేవాడే ప్రొడక్షన్ అసిస్టెంట్. ఈ మొత్తం పనిలో నా ఓటు అతనికే. అతను తెచ్చేదాకా ఎవరి బల్ల మీదా పనుండదు.

స్టోరీబోర్డు మూడు వారాలు ఆలస్యమైతే ఆ మూడు వారాల భారాన్ని అందరూ తలా కాస్త మోయరు. ముందరివాళ్ళు తమ గడువు తాము వాడేసుకుంటారు, దెబ్బంతా చివర ఉన్న రంగులవాళ్ళ మీదా కంపోజిటింగ్ మీదా పడుతుంది. రెండు వారాల పని రెండు రాత్రుల్లో చేయాలి. సాక్కాన్ దగ్గరైతే ఇంకో చిక్కు. ముఖాలన్నీ ఒకే చేతి కింద ఉంటేనే పాత్ర పాత్రలా ఉంటుంది కాబట్టి, ఆ పని పదిమందికి పంచితే వేగం వస్తుంది గానీ పోలిక పోతుంది. ఇక కొత్త సిరీస్ మొదలయ్యేనాటికి మొదటి మూడు నాలుగు ఎపిసోడ్లు చేతిలో ఉంటాయి. ఆ నిల్వ వారానికింత కరుగుతూ వస్తుంది. అందుకే వాయిదాలు ఎక్కువగా రెండో సగంలో వస్తాయి. రెండో ఎపిసోడ్‌కే ఆగిందంటే మాత్రం లోపల వ్యవహారం బాగా ముదిరిందని అర్థం.

ఇది ముందే పసిగట్టొచ్చు. ఎండ్ క్రెడిట్స్‌లో సాక్కాన్ పేర్లు లెక్కపెట్టండి. ఒకటో ఎపిసోడ్‌లో ఇద్దరు ముగ్గురు ఉండి, ఏడో ఎపిసోడ్‌కి పదిహేనుమంది అయ్యారంటే గడువు మింగుతోందన్నమాట. గొడవ జరుగుతున్నప్పుడు కెమెరా ఆకాశం మీదికో కప్పు మీదికో పోవడం, ఒకే బొమ్మ మీద నెమ్మదిగా జరగడం కూడా ఆ గుర్తులే. తర్వాతి మెట్టు రీక్యాప్. పాత కట్లు అతికించి ‘5.5’ లాంటి నంబరుతో వేసే ఎపిసోడ్ అది. గర్ల్స్ ఉండ్ పాంజర్ 2012 అక్టోబర్లో మొదలై 5.5, 10.5 రెండూ వేసింది. అయినా సరిపోక ఆఖరి రెండు ఎపిసోడ్లు 2013 మార్చికి వెళ్ళాయి. ఆ ముగింపు ట్యాంకు యుద్ధం చూసినవాళ్ళెవరూ మూడు నెలలు దండగ అనరు.

మన రెండో పిచ్చి జపాన్ రోల్ ప్లేయింగ్ గేములు కదా, అసలు చిక్కు అక్కడే. గేము పాత్రల దుస్తులు చూడండి. బెల్టుల మీద బెల్టులు, జిప్పులు, గొలుసులు, లేసులు. ఫైనల్ ఫాంటసీ గేములకి పనిచేసిన టెట్సుయా నోమురా గీసిన పాత్రల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఫైనల్ ఫాంటసీ 10లో లూలూ గౌను ముందుభాగమంతా బెల్టులే. త్రీడీ మోడల్లో బెల్టు ఒకసారి చేస్తే అయిపోతుంది. తర్వాత అది బట్టలోంచి పొడుచుకురాకుండా చూసుకోవడమే తలనొప్పి. చేత్తో గీసే అనిమేలో ఆ బకిల్‌ని ప్రతి బొమ్మలోనూ గీయాలి, ప్రతి బొమ్మలోనూ దానికి రంగు వేయాలి, వంగినప్పుడు అది ఏ కోణంలో కనబడుతుందో ఎవరో ఆలోచించాలి. పాత్ర తెర మీద 800 బొమ్మల్లో ఉంటే, ఒక్క బెల్టు 800 బెల్టులు. అందుకే అనిమేకి వేరే క్యారెక్టర్ డిజైనర్ ఉంటాడు. గీతలు తగ్గించడం అతని ఉద్యోగం. ఏది తీసినా అభిమాని పట్టుకోకూడదు, అదీ అసలు విద్య.

నియర్ ఆటోమేటాని చూస్తే ఈ రెండు పిచ్చిలూ ఒకేచోట కలుస్తాయి. 2017లో వచ్చిన ఆ గేముకి అకిహికో యోషిదా హీరోయిన్ 2బీ రూపం ఇచ్చాడు: నల్ల గౌను, ఈకల్లాంటి చేతి అంచులు, కళ్ళకి నల్ల పట్టీ. పట్టీ ఉంటే కళ్ళు గీసే పని తప్పుతుందనిపిస్తుంది. నిజానికి అది తిప్పలే. అనిమేలో సగం నటన కళ్ళతోనే. అవి లేనప్పుడు బాధైనా అనుమానమైనా పెదవి చివరా మెడ వంపూ మోయాలి. ఆ వంపు ఒక్క డిగ్రీ తప్పినా బొమ్మ మొద్దుగా కనిపిస్తుంది. ఏ-1 పిక్చర్స్ స్టూడియోలో జున్ నకాయి డిజైన్లతో సిరీస్ 2023 జనవరి 7న మొదలైంది. మూడో ఎపిసోడ్ తర్వాత కోవిడ్ వల్ల ఆగి, ఫిబ్రవరి 18న మళ్ళీ వచ్చింది. ఎనిమిది తర్వాత మళ్ళీ ఆగి, 9 నుంచి 12 దాకా జూలై 23న ఒకేరోజు వేశారు. గేముకి ఏ నుంచి జెడ్ దాకా 26 ముగింపులు. వాటిలో వేళాకోళపు ముగింపుల్ని ఎపిసోడ్ చివర తోలుబొమ్మల్లాంటి పప్పెట్లతో ఆడించారు. గేము తెలిసినవాడికి అది విందే, తెలియనివాడికి మాత్రం ఏమీ అర్థం కాదు.

గేము హీరోతో ఇంకో గొడవుంది, అతను మాట్లాడడు. మాట్లాడేది ఆడేవాడే. పెర్సోనా 4లో పేరు కూడా మనమే పెట్టాలి. 2011 అనిమే అతనికి యు నరుకామి అని పేరిచ్చింది. 60, 70 గంటల ఆటని 25 ఎపిసోడ్లలో, అంటే తొమ్మిది గంటలకి లోపు, చెప్పాలి. దర్శకుడు సెయిజీ కిషి ఆ మూగతనాన్ని దాచలేదు. ముఖంలో కదలిక లేకుండా వింత జవాబులిచ్చే కుర్రాడిగా మార్చి నవ్వించాడు. మధ్య విరామంలో అతని ధైర్యం, జ్ఞానం ఎంత పెరిగాయో గేములోలాగే చూపించాడు. 2018 పెర్సోనా 5లో రెన్ అమామియాకి ఆ అదృష్టం దక్కలేదు. అందంగా నిలబడతాడు, అంతే. అచ్చం గేములాగే తీస్తే పాత్ర బతుకుతుందన్న వాదానికి అది చాలినంత జవాబని నా అభిప్రాయం.

అనిమే గేమునే సరిదిద్దిన సందర్భం కూడా ఉంది. టేల్స్ ఆఫ్ జెస్టీరియా 2015 జనవరిలో వచ్చినప్పుడు, ప్రచారంలో హీరోయిన్‌లా కనిపించిన అలీషా కాసేపటికే జట్టు వదిలిపోతుంది, ఆ చోటికి రోజ్ వస్తుంది. జపాన్‌లో అభిమానులు మండిపడ్డారు. 2016లో యుఫోటేబుల్ స్టూడియో తీసిన సిరీస్‌లో అలీషాకి దక్కాల్సిన చోటు దక్కింది.

గేముల వాయిదా తీరు వేరు. టీవీ స్లాటు వారంవారం గొంతు మీద కూర్చుంటుంది, గేముకి ఒకే తేదీ. ఫైనల్ ఫాంటసీ 15 సంగతి తెలిసిందే. 2006లో వేరే పేరుతో ప్రకటించి, 2016 సెప్టెంబర్ 30 అని చెప్పి, నవంబర్ 29కి జరిపారు. దర్శకుడు తబాటా చెప్పిన కారణం నాకు నచ్చింది: విడుదల రోజు నెట్ ద్వారా ఇవ్వాలనుకున్న ప్యాచ్ (తప్పులు సరిదిద్దే అదనపు ఫైలు), నెట్ లేనివాళ్ళకి అందదు, అందుకని దాన్ని డిస్కులోనే పెడతామన్నాడు. పెర్సోనా 5 అయితే 2014 చలికాలం అని మొదలై 2016 సెప్టెంబర్ 15న తేలింది. ఆర్ఆర్ఆర్ తేదీలు 2020 జూలై నుంచి 2022 మార్చి దాకా జరుగుతూ వెళ్తే ఓపిగ్గా చూసిన మనకి ఇదేం కొత్త?

అన్ని వాయిదాలకీ గీతలే కారణం కాదు. 2020లో డబ్బింగ్ గదిలో నటులందరూ కలిసి నిలబడే వీల్లేక వన్ పీస్ ఏప్రిల్ నుంచి జూన్ చివరిదాకా ఆగింది. రీజీరో రెండో సీజన్ ఏప్రిల్ నుంచి జూలైకి జరిగింది. 2022 మార్చి 6న తోయెయ్ స్టూడియో నెట్‌వర్క్‌లోకి ఎవరో చొరబడితే వన్ పీస్‌తోపాటు డ్రాగన్ క్వెస్ట్ కథాలోకపు దాయ్ సిరీస్ కూడా ఆగింది. వన్ పీస్ మళ్ళీ ఏప్రిల్ 17న వచ్చింది. 1997 డిసెంబర్ 16 పోకేమాన్ ఎపిసోడ్‌లో వెలుగులు టపటపా కొట్టి పిల్లలు ఆస్పత్రుల పాలైనప్పుడు నాలుగు నెలలు ప్రసారమే లేదు. అప్పట్నుంచి మెరుపుల తనిఖీ కూడా గడువులో చేరింది. పేలుడు సీన్లలో తెర కాస్త మసకబారినట్టు కనిపించేది దానివల్లే.

తెలుగు డబ్బింగ్ కోసం చూసేవాళ్ళకి ఇంకో సంగతి. అది జపాన్ ఎపిసోడ్ పూర్తయ్యాక మొదలయ్యే పని. అనువాదం, పెదవి కదలికకి మాట కుదర్చడం, రికార్డింగ్ అన్నీ ఆ తర్వాతే. కాబట్టి అక్కడ ఒక వారం జారితే ఇక్కడా జారుతుంది. డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ సినిమా జపాన్‌లో 2025 జూలై 18న, తెలుగుతో సహా మన థియేటర్లలో సెప్టెంబర్ 12న వచ్చింది. అది వాయిదా కాదు, మనకి ముందే నిర్ణయించిన తేదీ.

ఇక గ్రూపులో ప్రతి సీజన్ మొదట్లోనూ వచ్చే ప్రశ్న, టైము. జపాన్ ఛానళ్ళు అర్ధరాత్రి దాటాక కూడా గంటలు పెంచుకుంటూ పోతాయి. శనివారం 25:30 అంటే ఆదివారం తెల్లవారుజాము ఒకటిన్నర. తలకిందులవ్వక్కర్లేదు. వాళ్ళు వేసిన అంకెలోంచే మూడున్నర గంటలు తీసేయండి, వారం పేరు మార్చొద్దు. 25:30 అయితే మనకి శనివారం రాత్రి 10. 24:30 అయితే 9. సబ్‌టైటిల్స్‌తో స్ట్రీమింగ్‌లో పడేసరికి సాధారణంగా ఇంకో అరగంటో గంటో పడుతుంది, ఆలోపు భోజనాలు కానివ్వండి.