గొంతులో గోల

ఆగస్టులో ఒక సోమవారం. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే పన్నెండో ఎక్కం మధ్యలో గొంతు పట్టేసింది. టీచరుకి గొంతు పోవడం వింతేమీ కాదు కాబట్టి ఇంటికొచ్చి ఉప్పునీళ్లు పుక్కిలించి పడుకున్నాను. తెల్లారేసరికి ఉమ్మి మింగాలన్నా తుమ్మముల్లు మింగినట్టుంది. జ్వరం 102.

మా అత్తయ్య మిరియాల కషాయం పెట్టారు. మా ఆయన అల్మరా అంతా వెతికి, పోయినసారి నేను రెండు వేసుకుని వదిలేసిన అజిత్రోమైసిన్ స్ట్రిప్పు పట్టుకొచ్చారు. "ఇంకోటి ఉంది, వేసేసుకో" అన్నారు. మామూలుగా అయితే వేసేసుకునేదాన్నే. ఈసారి ఎందుకో పిన్ని గుర్తొచ్చింది.

పిన్నికి పన్నెండేళ్లప్పుడు గొంతునొప్పి వచ్చి, దానంతటదే తగ్గిందట. ఎవరూ పట్టించుకోలేదు. కొన్ని వారాలకి మోకాళ్లు వాచాయి. ఒక కీలు తగ్గితే ఇంకో కీలు పట్టుకునేది. ఆ గొంతునొప్పి వల్లే వచ్చిన రుమాటిక్ ఫీవర్ అన్నారు. అప్పటికే గుండె కవాటం దెబ్బతింది. ఆ తర్వాత మూడు వారాలకోసారి తుంటికి పెనిసిలిన్ ఇంజెక్షన్, ఏళ్ల తరబడి. అమ్మమ్మ క్యాలెండర్‌లో ఆ తేదీల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టేది. ఆ రోజు సాయంత్రం పిన్ని కుంటుకుంటూ నడవడం చిన్నప్పుడు నేను చూశాను.

స్ట్రిప్పు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. నోరు తెరిపించి టార్చ్ వేసి చూశారు. టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, అక్కడక్కడా పెరుగు అంటుకున్నట్టు తెల్లటి మచ్చలు. దవడ కింద బిళ్లలు నొక్కితే ప్రాణం విలవిల్లాడింది.

"దగ్గుందా? జలుబు?"

"లేవండీ."

"ఉంటే బాగుండేది" అన్నారాయన. నవ్వొచ్చింది గానీ నవ్వితే నొప్పి. జ్వరం, టాన్సిల్స్ మీద చీము, మెడలో నొప్పెట్టే బిళ్లలు, పైగా దగ్గు లేకపోవడం. ఈ నాలుగూ కలిస్తే స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియాని అనుమానించాలట. 1981 నుంచి డాక్టర్లు వాడుతున్న లెక్క. అయినా ఖాయం అనలేమన్నారు. పెద్దవాళ్ల గొంతునొప్పుల్లో పదింటికి ఒకటే ఆ బాపతు, మిగతావాటిలో చాలావరకు వైరస్‌లే.

నర్సమ్మ నా వేలికి సూది గుచ్చి, రక్తం చుక్కని చిన్న మిషన్‌లో పెట్టింది. షుగర్ టెస్టు చేసినట్టే. నాలుగైదు నిమిషాల్లో అంకె వచ్చింది: సీఆర్‌పీ 74. పదిలోపు ఉండాల్సింది. ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షనో వాపో మొదలైతే లివర్ ఈ ప్రొటీన్‌ని గంటల్లోనే రక్తంలోకి వదులుతుందట. పక్క ల్యాబ్‌లో చేసిన సీబీపీలో, అంటే రక్తకణాల లెక్కలో, తెల్లకణాలు 15,600, అందులో బ్యాక్టీరియాతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే రకం 84 శాతం. రెండూ ఎక్కువే.

"అయితే బ్యాక్టీరియానే కదండీ?"

"అటువైపే చూపిస్తోంది. పేరు మాత్రం చెప్పదమ్మా. కొన్ని వైరస్‌లకీ ఇలా పెరుగుతుంది."

నాకు మా క్లాసు గుర్తొచ్చింది. వరండాలో నిలబడితే లోపల ఎంత గోలగా ఉందో తెలుస్తుంది. మొదలుపెట్టింది ఎవడో తెలియాలంటే తలుపు తీసి లోపలికెళ్లాలి. ఇక్కడ లోపలికెళ్లడమంటే టాన్సిల్స్ మీద దూదిపుల్ల రుద్దడం. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాంతి వచ్చినంత పనైంది. ఆ పుల్లని మందులో ముంచి, కోవిడ్ కిట్ లాంటి దాని మీద చుక్కలు వేశారు. పది నిమిషాల్లో రెండో గీత. దొంగ దొరికాడు.

ఇక్కడ నా అతితెలివి ఒకటి చెప్పాలి. మా స్కూల్లో మేడమ్ ఒకావిడ ఎప్పుడో చెప్పిందని, సీబీపీతోపాటు ఏఎస్‌ఓ టెస్టు కూడా చెయ్యమని ల్యాబ్‌లో నేనే అడిగాను. స్ట్రెప్టోకోకస్ మీద ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలని కొలిచే టెస్టు అది. సాయంత్రం రిపోర్టు వచ్చింది: 320. పక్కనే 200 లోపు ఉండాలని అచ్చేసి ఉంది. ఇంకేముంది, నా గుండె కవాటం కూడా పోయిందనుకున్నాను. రాత్రంతా టెన్షన్. డాక్టర్ గారు చూసి, "ఇది పాత కథమ్మా" అన్నారు. ఆ యాంటీబాడీలు తయారవడానికి వారాలు పడుతుందట. మొన్న మొదలైన నొప్పికీ దీనికీ సంబంధం లేదు. ఎప్పుడూ పిల్లల మధ్య ఉండేదాన్ని, ఆ మధ్య ఎప్పుడో తగిలి ఉంటుంది. ఈ గొంతునొప్పి గురించి ఏమీ చెప్పని అంకెకి నా డబ్బూ పోయింది, నిద్రా పోయింది.

అమాక్సిసిలిన్ పది రోజులు రాశారు. అజిత్రోమైసిన్ ఎందుకు వద్దని అడిగాను. ఈ బ్యాక్టీరియా పెనిసిలిన్ జాతి మందులకి ఇప్పటివరకూ లొంగకుండా పోలేదట. అజిత్రోమైసిన్‌కి మాత్రం కొన్నిచోట్ల లొంగడం మానేసింది. నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు మందు పడితే రుమాటిక్ ఫీవర్ రాకుండా ఆపొచ్చన్నారు. ఆ ఒక్క మాటతో సగం జ్వరం దిగింది. మిగతా సగం మూడో రోజుకి దిగింది. మాత్ర మొదలుపెట్టి ఒక రోజు గడిచేదాకా పిల్లల దగ్గరికి వెళ్లొద్దన్నారు గానీ, నాకు నిలబడే ఓపిక రావడానికే నాలుగు రోజులు పట్టింది. ఆరో రోజున మాత్రల సంగతే మర్చిపోయాను. అప్పట్నుంచి క్యాలెండర్‌లో నేనూ సున్నాలు చుట్టడం మొదలుపెట్టాను.

రెండు వారాలు తిరక్కుండానే మా వాడికి గొంతునొప్పి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పరిగెత్తుకెళ్లి "వీడికీ వేలు గుచ్చండి" అన్నాను. డాక్టర్ గారు వాడి ముక్కు కారడం చూశారు, దగ్గు విన్నారు, గొంతులోకి టార్చ్ వేశారు. "అక్కర్లేదు" అని పారాసెటమాల్ రాసిచ్చారు. నాలుగో రోజుకి వాడు ఐస్‌క్రీమ్ అడిగాడు. అదంతా మిరియాల కషాయం మహిమేనని మా అత్తయ్య ఇప్పటికీ అంటారు.