బుజ్జి చెప్పేదాకా ఆగాలి

మంగళవారం రాత్రి

పొద్దున ఆరింటికి థైరాయిడ్ మాత్ర. చెంచాడు నీళ్లలో నలిపి పరగడుపున పట్టిస్తే, మళ్లీ అరగంట దాకా పాలు ఇవ్వకూడదు. బుజ్జికి ఆ అరగంట గడవడమే కష్టం. పాలగిన్నె వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది, గ్లాసు ఎత్తి తాగినట్టు చేత్తో చూపిస్తుంది. గోడ గడియారంలో ఆరు అంకె మీద ఎర్ర స్టిక్కర్ అంటించాక ఏడుపు తగ్గింది. బుజ్జిలా డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువగా ఉండడం) ఉన్న పిల్లలు చాలామంది విన్నదానికంటే చూసినదాన్ని బాగా పట్టుకుంటారని స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు. పెద్ద ముల్లు స్టిక్కర్ దగ్గరికి రాగానే ఇవాళ కూడా పరుగెత్తుకొచ్చి "అమ్మా, పా" అంది. రెండో అక్షరం ఇంకా పలకదు. పలికినంత వరకు స్పష్టంగా ఉంది.

ఈమధ్య మా ఇంట్లో అందరం ఒకటే నేర్చుకుంటున్నాం, అడిగి ఆగడం. బుజ్జిని ఏదైనా అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టుకోమన్నారు థెరపిస్ట్. దానికి అర్థమవుతుంది. జవాబు నోటిదాకా రావడానికే టైమ్ పడుతుంది. నాలుక, పెదవుల కండరాల్లో పట్టు తక్కువ కాబట్టి ప్రతి మాటకూ కష్టపడాలి. మధ్యలో మనం అందించేస్తే ఆ ప్రయత్నం అక్కడే ఆగిపోతుంది. కానీ ఎదురుగా పిల్ల నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరుస్తుంటే ఊరుకోవడం తల్లికి ఎంత కష్టమో! ఏడు, ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి నా గొంతులో ఆ మాట సిద్ధంగా ఉంటుంది.

అత్తయ్యకు మరీ కష్టం. బుజ్జి అంటే ఆవిడకు ప్రాణం. "ఇడ్లీ పెట్టనా, దోసె వెయ్యనా తల్లీ?" అని అడిగి, అదే ఊపిరిలో "ఇడ్లీయేలే, నా బంగారానికి ఇడ్లీ అంటే ఇష్టం" అని పెట్టేస్తారు. ఇవాళ మాత్రం అడిగాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నేను స్టవ్ దగ్గర, పెద్దాడు షూ లేసు కట్టుకుంటూ, అందరం ఆగిపోయాం. బుజ్జి పెనం వైపు చూసి "దో" అంది. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ లేచి పెనం మీద నీళ్లు చల్లారు. ఇన్నాళ్లూ వద్దనకుండా ఇడ్లీ తింది కదా పిల్ల, అని ఆవిడ బాధ.

నాకు ఇది చిన్న విషయంగా తోచలేదు. బుజ్జి మా ఇంటికి వచ్చింది 2023లో, మూడేళ్ల వయసులో, శిశుగృహ నుంచి. దాని ఫైల్‌లో మెడికల్ రిపోర్టులున్నాయి, గుండెకు తీసిన ఎకో ఉంది, దత్తత ఖాయం చేస్తూ కలెక్టర్ గారు ఇచ్చిన ఉత్తర్వు ఉంది. ప్రతి కాగితమూ దాని గురించే, కానీ దాన్ని అడిగి రాసింది ఒక్కటీ లేదు. ఎక్కడ ఉండాలో, ఎవరిని అమ్మా అనాలో అన్నీ వేరేవాళ్లే తేల్చారు. మేమూ అంతే, మా ఇష్టంతోనే తెచ్చుకున్నాం. అందుకే ఏం తింటుందో, ఏ గౌను వేసుకుంటుందో, ఎవరి పక్కన పడుకుంటుందో అది చెప్పాలి, మేం వినాలి. ఆ మాత్రం దానికి బాకీ ఉన్నాం.

స్కూల్ మామూలుగా గడిచింది. మధ్యాహ్నం థెరపీ. బోయినపల్లిలో ఇల్లు తీసుకోవడానికి ఒక కారణం మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ దగ్గర కావడమే. 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేస్తున్న కేంద్ర సంస్థ అది. దగ్గర్లో అలాంటిది ఉందంటేనే కొండంత ధైర్యం. ఇవాళ స్ట్రాతో బుడగలు ఊదించారు, పెదవులు దగ్గరికి రావడానికి.

తిరిగొస్తూ మందుల షాపు దగ్గర ఆగాం. అక్కడ ఒకావిడ బుజ్జి ముందే నన్ను అడిగింది, "ఈ పాపకు మాటలు వస్తాయా?" అని. "వస్తాయండీ, పేరు అడగండి, కాస్త ఆగితే చెబుతుంది" అన్నాను. ఆవిడ నవ్వుతూనే అడిగింది. బుజ్జి పెదవులు కలిపింది. ఈలోగా ఆవిడ ఫోన్ మోగింది, అటు తిరిగిపోయింది. "బు...జ్జి" అని వచ్చేసరికి వినడానికి నేనూ, షాపతనూ ఉన్నాం. అతను "మంచి పేరమ్మా" అన్నాడు. ఆవిడ మీద కోపం లేదు నాకు. ఆ రెండు అక్షరాలకు ఎంత శ్రమ ఉందో తెలిస్తే ఆవిడా ఆగేది.

సాయంత్రం పెద్దాడూ అదీ రిమోట్ కోసం కొట్టుకున్నారు. "నాది!" అని అరిచింది. స్పష్టంగా, పూర్తి మాట. వాడు రిమోట్ ఇచ్చేసి "అమ్మా, విన్నావా?" అని వంటింట్లోకి వచ్చాడు.

భోజనాలయ్యాక ఆయన నేషనల్ ట్రస్ట్ చట్టం కాగితాలు తీశారు. 1999 నాటి ఆ చట్టం కింద, బుజ్జిలాంటి పిల్లలకు 18 ఏళ్లు నిండాక జిల్లాలోని స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుణ్ని నియమించుకోవచ్చు. ఇంకా చాలా ఏళ్లుంది, అయినా మా తర్వాత ఎవరన్న ఆలోచన మమ్మల్ని ఏ రోజూ వదలదు. పెద్దాడి పేరు వాణ్ని అడగకుండా రాయకూడదని ఆయన అన్నారు. నేనూ అదే అన్నాను. ఎవరి పేరు రాసినా, వాళ్ల ముందు బుజ్జి తనకు ఏం కావాలో, ఏం వద్దో చెప్పుకోగలగాలి. ఇప్పటి ఈ దోసె, ఈ రిమోట్ అన్నీ దానికోసమే.

రేపు చెవుల పరీక్ష. ఈ పిల్లలకు చెవి దారులు సన్నగా ఉంటాయి, జలుబు చేస్తే లోపల నీరు చేరి సరిగా వినపడదు. వారం నుంచి వెనక నుంచి పిలిస్తే తిరగడం లేదు. పాత ఆడియోగ్రామ్ (వినికిడి రిపోర్టు), నిరామయ ఆరోగ్య బీమా కార్డు సంచిలో పెట్టాను. ఆయన సెలవు పెట్టారు. పెద్దాడికి యూనిట్ టెస్ట్ ఉంది, వాడి టిఫిన్ అత్తయ్య చూసుకుంటానన్నారు.