తుర్కానా చెలమల దగ్గర మేకల దగ్గు

లోద్వార్‌లో విమానం దిగగానే ఎండ మొహాన కొట్టింది. కెన్యా వాయవ్య మూలనున్న తుర్కానా కౌంటీకి అదే ముఖ్యపట్టణం. ఊరు దాటాక దారికి రెండు పక్కలా సర్కారు తుమ్మ! మన పాలమూరు బీళ్లను ఆక్రమించినట్టే ఇక్కడా ఆక్రమించేసింది. డ్రైవర్ దాన్ని తిట్టాడు, నేనూ తిట్టాను, దాంతో ఇద్దరికీ స్నేహం కుదిరింది.

మేకలు దగ్గి దగ్గి చచ్చిపోతున్నాయన్న కబురు మీద బయల్దేరాం. మా అనుమానం సీసీపీపీ మీద. మేకల ఊపిరితిత్తులకు వచ్చే అంటురోగం అది. 1873లోనే అల్జీరియాలో దీన్ని గుర్తించినా, కారణమైన మైకోప్లాస్మా అనే బాక్టీరియా మాత్రం 1976లో ఈ కెన్యాలోనే తొలిసారి దొరికింది. ల్యాబులో అది ఒక పట్టాన పెరగదు.

మంద దగ్గరికి చేరేసరికి బాగా పొద్దెక్కింది. ముళ్లకంపతో గుండ్రంగా కట్టిన దొడ్డి. దాని ముందు ఓ పెద్దాయన ఎకిచొలాంగ్ మీద కూర్చుని ఉన్నాడు. చిన్న చెక్కపీట అది, రాత్రికి తలగడగా కూడా పనికొస్తుంది. నేను ప్రశ్నల కాగితం తీయబోతే, మాతో వచ్చిన స్థానిక పశువైద్య కార్యకర్త వద్దన్నాడు. వంద గులకరాళ్లు ఏరి పెద్దాయన ముందు పోశాడు.

"ఈ ఏడాది మీ మేకల్ని ఏది ఎంత తిన్నదో పంచి చూపించు తాతా."

ఆయనేం తొందరపడలేదు. ఇసుకలో వేలితో గుంటలు చేసి ఒక్కో రాయీ వేస్తూ పోయాడు. కరువుకి కొన్ని, నక్కలకి కొన్ని. లొమోకి ఓ కుప్ప. అది పీపీఆర్, మన దగ్గర పారుడు రోగం అంటామే, అదే. అన్నిటికన్నా పెద్ద కుప్ప లౌకోయ్‌కి, అంటే సీసీపీపీకి. ఇంతలో మెడనిండా పూసలదండలతో ఆయన భార్య వచ్చి, లొమో గుంటలోంచి నాలుగు రాళ్లు తీసి లౌకోయ్‌లో పడేసింది.

"వాటికి నోట్లో పుళ్లు చూశావా? పారాయా? గొర్రె ఒక్కటైనా చచ్చిందా?" అని మొగుణ్ణి నిలదీసింది.

మేం కాలేజీలో చదువుకున్న తేడా అంతా ఆ మూడు ప్రశ్నల్లోనే ఉంది. పీపీఆర్ గొర్రెల్ని కూడా పట్టుకుంటుంది, నోరు పూస్తుంది, విరేచనాలవుతాయి. సీసీపీపీ ముఖ్యంగా మేకల రోగం, దాని ప్రతాపమంతా ఛాతీ మీదే. దొడ్డి మూల ఓ మేక ముందుకాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి, ఊపిరి కోసం తంటాలు పడుతోంది. ముట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది.

ఆ తెల్లవారుజామునే చచ్చిన మేకను కోసి చూశాం. ఛాతీలో ఎండుగడ్డి రంగు నీరు. కుడి ఊపిరితిత్తి గట్టిపడి పక్కటెముకలకు అతుక్కుపోయింది. ఎడమది మాత్రం శుభ్రంగా ఉంది. ఇలా ఒక పక్కనే దెబ్బతినడం ఈ జబ్బుకు పెద్ద గుర్తు. ముక్కలు ఐస్ పెట్టెలో సర్దాం, నైరోబీలో పరీక్ష చేయించాలి.

మందేమైనా వేశారా అంటే ఖాళీ సీసాలు తెచ్చి చూపించారు. ఒకటి పెన్సిలిన్. మైకోప్లాస్మాకు కణకవచమే లేదు, పెన్సిలిన్ దెబ్బతీసేది దాన్నే. ఇంక పనెలా చేస్తుంది? రెండోది ఆక్సీటెట్రాసైక్లిన్. అది సరైన మందే, కానీ ఖరీదని సగం డోసుతో సరిపెట్టారు. వాళ్లను తప్పుపట్టలేను. చేతిలో డబ్బు ఆడాలంటే ఓ మేకను అమ్మాలి, దగ్గే మేకను కొనేదెవరు?

కొత్త మేకలేమైనా కలిశాయా అన్న ప్రశ్న దగ్గర అందరూ నోళ్లు మూసుకున్నారు. అక్కడ జీవాలు పెళ్లి ఓలిగా వస్తాయి, చుట్టాల నుంచి వస్తాయి, ఒక్కోసారి దోపిడీల్లోనూ వస్తాయి. అందుకే నేను రెట్టించలేదు.

సాయంత్రం ఎండిన ఏటికి తీసుకెళ్లారు. ఇసుకలో మనిషి లోతుకు మించి చెలమలు. లోపల ఒకరి పైన ఒకరు నిలబడి, పాట పాడుకుంటూ నీళ్లు పైకి అందిస్తున్నారు. పైన మూడు మందలు ముక్కులు ఆనించుకుని ఒకే తొట్టి కోసం తోసుకుంటున్నాయి. తుంపర్ల ద్వారా అంటుకునే రోగానికి ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది?

టీకా ఉంది, కెన్యాలోనే తయారవుతుంది, దాదాపు ఏడాది కాపాడుతుంది. కానీ చల్లగా ఉంచి ఇక్కడిదాకా తేవాలి. "వానలు పడితే మేం తలో దిక్కుకీ పోతాం, వచ్చేదేదో ఇప్పుడే, ఈ చెలమ దగ్గరికే రండి" అందా పెద్దామె. అదే ఖాయం చేసుకున్నాం. అప్పటిదాకా దగ్గే మందల్ని అన్నిటికన్నా చివర నీళ్లకు తోలాలన్నాం. అందరూ తలూపారు. అయితే చివరికి మిగిలేది బురదనీళ్లే కాబట్టి, ఎవరి మంద దగ్గుతోందన్న దాని మీద గొడవ మొదలైంది. మేం జీపెక్కేదాకా అది తెగలేదు.