శిల్పారామం మేళాకు చెక్క గిన్నెలు

చలికాలంలో మాదాపూర్ శిల్పారామంలో బల్ల పెట్టుకోవాలంటే నా పని వానలకు ముందే మొదలవుతుంది. ఈదురుగాలులకు నగర వీధుల్లో కూలిన నిద్రగన్నేరు దుంగలు అడితికి చేరగానే కొని, కుషాయిగూడలోని నా షెడ్డులో పచ్చిగా ఉండగానే చెక్కను తిప్పుతూ తొలిచే యంత్రమైన లేత్‌కు ఎక్కించి మోటుగా తొలిచి పెట్టుకుంటాను. పగుళ్లు ఎక్కువగా దవ్వ (దుంగ నడిమధ్య ఉండే మెత్తని భాగం) దగ్గరే పుడతాయి కనుక దుంగను నిలువునా చీల్చి, ముందుగా దానిని తీసివేస్తాను. ఆరేటప్పుడు కలప వలయాల వెంట కుంచించుకునేది, దవ్వ నుంచి బెరడు వైపు కుంచించుకునేదానికి దాదాపు రెండింతలు ఉంటుంది. అందుకే గుండ్రంగా తీసిన గిన్నె కోలగా మారుతుంది. ఆ వంకరను తర్వాత సరిచేయడానికి వీలుగా 10 అంగుళాల గిన్నెకు అంగుళం మందం వదులుతాను.

తరువాత వాటిని కాగితపు సంచుల్లో పెట్టి, తూకం వేసి, బరువును అడుగున పెన్సిలుతో రాస్తూ ఉంటాను. ముసురు పట్టిన రోజుల్లో ఆ అంకె కదలనే కదలదు. వానలు వెనుదీసి, గాలి పొడిబారిన తర్వాత కూడా బరువు వారాల తరబడి నిలకడగా ఉంటేనే రెండోసారి లేత్‌కు ఎక్కిస్తాను. మేళా దగ్గరపడిందని ఆరని గిన్నెను తీసుకెళ్లడం కంటే బల్ల సగం ఖాళీగా ఉంచడమే నాకు నయమనిపిస్తుంది.

మెరుగు విషయంలో మాత్రం ప్రతిసారీ కొంత తర్జనభర్జన తప్పదు. చెక్క పని అనగానే చాలామంది 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మల నిగనిగను వెతుక్కుంటారు. అక్కడ తెల్లని అంకుడు కర్ర తిరుగుతుండగా రంగు లక్కను ఒత్తితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, దానిని మొగలి ఆకుతో నునుపు చేస్తారు. నిద్రగన్నేరు ముదురు చేవ మీద అంత రంగు వేస్తే రేఖలన్నీ కప్పబడిపోతాయి. పైగా లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి తినే గిన్నెలకు దానిని వాడను. 120 నుంచి 400 నంబరు వరకు గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పలుచగా పట్టించి, పూత పూతకూ మధ్య బాగా ఆరనిస్తాను. ఆ నూనె గుడ్డలను కుప్పగా వదిలితే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది కనుక విడివిడిగా పరిచి ఆరబెడతాను.

చివరగా ధర చీటీలు అంటించాలి. కలప ఖరీదు స్వల్పమే. నెలల తరబడి అరల మీద ఆరిన కాలాన్ని, మధ్యలో పగిలి పక్కకు పోయిన గిన్నెలను కూడా లెక్కలో వేసుకునే ధర రాస్తాను, బేరానికి మాత్రం కొద్దిగా చోటు ఉంచుతాను.