మంట, నిప్పులు

ఈ యాత్రకు ఇద్దరి పేర్లూ ఇచ్చింది మా అమ్మ. తీరా బయల్దేరే సమయానికి మోకాళ్ళు మొరాయించి ఆవిడ ఆగిపోయింది. చర్చి మానేసి పదకొండేళ్ళయిన నేను మాత్రం యెరూషలేములో దిగాను. కాదంటే అమ్మ బాధపడుతుందని వచ్చానంతే, భక్తితో కాదు.

మూడో రోజు సీయోను కొండ తూర్పు వాలు మీదున్న సెయింట్ పీటర్ ఇన్ గాల్లికాంటు చర్చికి తీసుకెళ్ళారు. గాల్లికాంటు అంటే లాటిన్‌లో కోడికూత. ప్రధానయాజకుడైన కయప ఇల్లు ఇక్కడే ఉండేదని నమ్మకం. యేసును పట్టుకున్న రాత్రి, కోడి కూసేలోగా, ఆయనెవరో తెలియదని శిష్యుడు పేతురు మూడుసార్లు బొంకింది ఆ ఇంటి ముంగిట్లోనే. ఇప్పుడున్న చర్చి 1931 నాటిది. పైకప్పు మీద సిలువ, దాని కొసన బంగారు రంగు కోడిపుంజు. ఒక మనిషి పరువు పోయిన రాత్రికి గుర్తుగా ఇంత పెద్ద గుడి కట్టి, కోడిని నెత్తిన పెట్టుకోవడం నాకు వింతగానే అనిపించింది.

ఆవరణలో కంచు బొమ్మలున్నాయి: దాసి, బంట్రౌతు, చేతులు విప్పి "నాకేం తెలియదు" అంటున్న పేతురు. మావాళ్ళు ఫొటోలు దిగుతుంటే నేను ఆ చేతులే చూస్తూ నిలబడిపోయాను. అవి నాకు తెలిసిన చేతులు.

చాలా ఏళ్ళ క్రితం ఆఫీసులో లంచ్ చేస్తుంటే అమ్మ ఫోన్ చేసి, మాట్లాడుతూ మాట్లాడుతూనే నాకోసం ప్రార్థన మొదలుపెట్టింది. నాకు సిగ్గేసింది. "తర్వాత చేస్తానమ్మా" అని ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టాను. "ఏంటి, మీరు చర్చి వాళ్ళా?" అని పక్కనున్నవాళ్ళు నవ్వారు. "అబ్బే, అది మా అమ్మ పిచ్చి. నాకేం సంబంధం లేదు" అన్నాను. నన్నెవరూ బెదిరించలేదు. పేతురుకైతే ప్రాణభయం ఉంది. నాకేముంది?

చర్చి కింద రాతిలో తొలిచిన లోతైన గొయ్యి ఉంది. ఆ రాత్రి యేసును అందులోనే ఉంచారని చెబుతారు. యాత్రికులు అక్కడ 88వ కీర్తన చదువుతారు. మాతో వచ్చిన పాస్టరు అయ్యగారు ఫోన్ వెలుగులో చదివారు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" దగ్గర ఆ కీర్తన ఆగిపోతుంది, ఆదరణ మాటేమీ రాదు. పైకి వచ్చాక ఆయన లూకా 22 తీసి, "ప్రభువు తిరిగి పేతురువైపు చూచెను అని ఉంది, చూశారా? అంటే పేతురు మాటలు వినపడేంత దూరంలోనే ఉన్నాడన్నమాట" అన్నారు. ఆ మాట అప్పటికి విని ఊరుకున్నాను.

మర్నాడు గలిలయకు ప్రయాణం. యేసు తిరిగి లేచాక ఆ సరస్సులో శిష్యుల వలకు పడ్డ 153 చేపల అర్థమేమిటని బస్సులో అరగంట వాదన జరిగింది, ఏమీ తేలలేదు. నేను బైబిల్లోని హోషేయ గ్రంథం తెరిచాను. విడిచిపోయిన భార్యను ఆ ప్రవక్త పదిహేను తులాల వెండి, కొంత యవలు ఇచ్చి మళ్ళీ తెచ్చుకుంటాడు. తప్పు ఆమెది, ఖర్చు ఆయనది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఈ కథ ఎవరూ చెప్పలేదు, బహుశా చెప్పడానికి ఇబ్బందిపడి ఉంటారు.

తాబ్గాలో సరస్సు ఒడ్డునే నల్లరాతితో కట్టిన చిన్న చర్చి ఉంది. 1933లో ఫ్రాన్సిస్కన్లు కట్టారు. లోపల నేలలోంచి పైకి లేచిన సున్నపురాతి బండను 'క్రీస్తు బల్ల' అంటారు. పునరుత్థానం తర్వాత ఆయన శిష్యులకు అక్కడే తిండి పెట్టాడని సంప్రదాయం. బండ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది.

అక్కడే అయ్యగారు ఒక సంగతి చెప్పారు. బొంకిన రాత్రి పేతురు చలి కాచుకున్నచోట మన బైబిల్లో 'మంట' అని ఉంటుంది, ఈ ఒడ్డున 'నిప్పులు' అని ఉంటుంది. గ్రీకులో మాత్రం రెండుచోట్లా ఒకటే మాట, అంత్రాకియా, బొగ్గుల నిప్పు. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండుచోట్లే వస్తుందట.

నాకు ఒళ్ళు జలదరించింది. పేతురు పడవలోంచి దూకి ఈదుకుంటూ వచ్చేసరికి ఎదురుగా అదే నిప్పు, అదే పొగ వాసన. అయినా యేసు మొదట అడిగింది "ఎందుకలా అన్నావు?" అని కాదు. "రండి, భోజనము చేయుడి" అన్నాడు. "నన్ను ప్రేమించుచున్నావా?" అని అడిగింది తిన్నాకే. మూడుసార్లు బొంకినవాణ్ణి మూడుసార్లూ అడిగాడు, మూడోసారికి పేతురు వ్యసనపడ్డాడు కూడా. జరిగింది ఏమీ జరగనట్టు దాటవేసే క్షమాపణ కాదది. మళ్ళీ బొంకనని మాటేమీ తీసుకోలేదు. ప్రతిసారీ తన గొర్రెలను, అంటే తన మనుషులను, అప్పగించాడు.

బూట్లు విప్పి నీళ్ళలో నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. నీళ్ళ చప్పుడు వినిపించమంటే వినిపించాను. తర్వాత ఆ లంచ్ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే ఆపింది.

"తెలుసురా. ఆ రోజు నువ్వు ఫోన్ కట్ చేయలేదు."

నాకు నోట మాట రాలేదు. ఆ రోజు రాత్రి ఆవిడ మామూలుగానే ఫోన్ చేసింది, నాకు గుర్తుంది.

"మరి రాత్రి ఎలా చేశావమ్మా ఫోన్?"

"మధ్యాహ్నం సగంలో లేచిపోయావేమో అనుకున్నా. తిన్నావో లేదో తెలియాలి కదా."