సోప్రానోస్ మొదటి ఎపిసోడ్, ఆ బాతులు బుర్రలోంచి పోవట్లేదు

ఎట్టకేలకు ద సోప్రానోస్ అనే అమెరికన్ టీవీ సిరీస్ మొదలుపెట్టా. హెచ్‌బీవోలో 1999 జనవరి 10న వచ్చింది ఈ మొదటి ఎపిసోడ్, డేవిడ్ చేజ్ రాసి తనే డైరెక్ట్ చేశాడు. అంత పాతది ఇప్పుడేం చూస్తాంలే అనుకునేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నా, ఎందుకంటే మాఫియా ఫ్యామిలీ కథ అనగానే మనకి ఒక బొమ్మ ముందే ఫిక్స్ అయిపోయి ఉంటది కదా, తెల్లబట్టలు, వరసగా సుమోలు, వెనక పదిమంది, ఆయన కారు దిగితే ఊరంతా వణికిపోవడం. ఇందులో వణికేది డానే. కథ మొత్తం చెప్పేస్తున్నా, చూడాలనుకునేవాళ్ళు చూసేసి రండి.

ఆ డాన్ టోనీ సోప్రానోది న్యూజెర్సీ, పెద్ద ఇల్లు, వెనక స్విమ్మింగ్ పూల్. ఎక్కడినుంచో ఒక అడవిబాతుల జంట వచ్చి ఆ పూల్లో దిగి పిల్లల్ని పెడతది. ఈయన పొద్దున్నే ఒంటిమీద బాత్‌రోబ్‌తోనే నీళ్ళలోకి దిగిపోయి వాటికి మేత వేస్తా ఉంటాడు, పిల్లలు ఎక్కి దిగడానికి చెక్కతో దారి కూడా కట్టిస్తాడు. అంత మనిషి, ఆ మెడ, ఆ భుజాలు, వాటి ముందు చిన్నపిల్లాడైపోతాడు. తర్వాత కొడుకు పుట్టినరోజున పొయ్యి దగ్గర మాంసం కాలుస్తుంటే బాతులు పిల్లలతో సహా లేచి ఎగిరిపోతాయి, చూస్తా చూస్తానే ఈయన కుప్పకూలిపోతాడు. మా గుంటూరోళ్ళకి ఇది కొత్తగా అనిపించదు, పక్కనే ఉప్పలపాడు చెరువు ఉంది, ఏటా గూడబాతులు, కొంగలు ఎక్కడెక్కడినుంచో వచ్చి గూళ్ళు పెట్టుకుంటాయి, ఆ ఊరోళ్ళు వాటిని తమ ఇంట్లోవే అన్నట్టు కాపాడుకుంటారు, అవి వెళ్ళిపోయాక ఆ చెట్లు చూస్తే ఏదోలా ఉంటది. అందుకే టోనీ పడిపోయినప్పుడు నాకు విచిత్రంగా ఏం అనిపించలేదు.

టెస్టులన్నీ చేస్తారు, ఏం దొరకదు. ప్యానిక్ ఎటాక్ అని తేలుస్తారు. పక్కింటి డాక్టర్ చెప్తే డాక్టర్ మెల్ఫీ అనే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తాడు, ఎపిసోడ్ మొదలయ్యేదే ఆవిడ వెయిటింగ్ రూమ్‌లో. ఇక్కడ నాకు మా బాబాయ్ గుర్తొచ్చాడు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం, గట్టి మనిషి, ఒకసారి గుండె పట్టేసినట్టుందని ఊపిరాడక చెమటలు పట్టేస్తే పరిగెత్తించుకుని తీసుకెళ్ళాం, ఈసీజీ, ఎకో అన్నీ నార్మల్. మా కొత్తపేట నిండా ఆస్పత్రులే, గుండెకీ కిడ్నీకీ ఎముకలకీ ఏ డాక్టర్ దగ్గరికైనా వస్తాడు కానీ సైకియాట్రిస్ట్ అనే మాట ఎత్తితే "నాకేమన్నా పిచ్చా రా" అని లేచిపోయాడు. ఇప్పటికీ వెళ్ళలేదు. టోనీ వెళ్ళాడు. వెళ్ళినట్టు తన మనుషులకి తెలిస్తే ప్రాణానికే ముప్పు, అయినా వెళ్ళి కూర్చున్నాడు, నాకు ఆ మనిషి మీద మొదటి గౌరవం అక్కడ పుట్టింది.

ఆ గదిలో సీన్లు రాసిన పద్ధతి చూడండి. ఎవరికైనా హాని జరగబోతోందని తెలిస్తే పోలీసులకి చెప్పాల్సి వస్తదని ఆవిడ ముందే చెప్తది. దాంతో ఈయన అప్పు ఎగ్గొట్టినవాడితో కలిసి కాఫీ తాగాం అంటాడు, తెర మీదేమో వాణ్ణి కారేసుకుని తరిమి గుద్దేసి చావబాదుతుంటాడు. ఎన్ని అబద్ధాలు చెప్పినా చివరికి బాతుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏడ్చేస్తాడు, తన కుటుంబాన్ని పోగొట్టుకుంటానేమో అన్న భయం అది అని అప్పుడు గానీ ఆయనకే తెలియదు. టోనీగా చేసిన జేమ్స్ గాండోల్ఫిని ఆ ఏడుపుని ఆపుకోవడానికి పడే తంటా చూస్తే గుండె పిండేసినట్టుంటది. 2013లో 51 ఏళ్ళకే పోయాడు ఆయన, ఇంకెన్ని చేసేవాడో.

ఇక వాళ్ళమ్మ లివియా. చీకటి పడితే ఫోన్ ఎత్తదు, ఏం తెచ్చిచ్చినా మొహం మాడ్చుకునే ఉంటది, వృద్ధాశ్రమం లాంటి చోటుకి చూడ్డానికి తీసుకెళ్తే అక్కడే టోనీ మళ్ళీ పడిపోతాడు. లివియాగా నాన్సీ మార్చండ్ ఎక్కడా గొంతు పెద్దగా ఎత్తకుండా చేసింది కానీ నాకు ఈ ఎపిసోడ్‌లో అందరికంటే భయమేసింది ఆవిణ్ణి చూసే. చివర్లో కారులో ఆవిడ భర్త అన్న జూనియర్, అంటే టోనీకి పెదనాన్న, టోనీ సంగతి ఏదో ఒకటి తేల్చాల్సి వస్తదేమో అన్నట్టు మాట వదిలితే ఆవిడ వద్దనదు. కన్నకొడుకు. ఒక్క మాట అనదు.

నాకూ మా తమ్ముడికీ గొడవ మాత్రం హోటల్ దగ్గర. జూనియర్ ఒకణ్ణి ఆర్టీ బుకో హోటల్లో చంపించాలనుకుంటాడు. ఆర్టీ టోనీకి చిన్ననాటి స్నేహితుడు, అక్కడ హత్య జరిగితే ఇంకెవరూ తినడానికి రారు, బతుకు పోయినట్టే. కొన్నాళ్ళు మూసుకుని తిరిగి రమ్మని ఓడ టికెట్లిస్తాడు టోనీ, కుదరదు. ఇక చివరికి హోటల్నే పేల్పించేస్తాడు, ఇన్సూరెన్స్ డబ్బులొస్తాయి కదా అని. మావాడు అది స్నేహమే అంటాడు, ఇంకేం చెయ్యగలడు, పెదనాన్నకి ఎదురు తిరగలేడు కదా అంటాడు. నేను ఒప్పుకోను. ఆ హోటల్ ఆర్టీ జీవితం, అది ఉండాలో పోవాలో అతన్ని అడగనేలేదు, పైగా బూడిదైపోయాక బార్బెక్యూలో భుజమ్మీద చెయ్యేసి ఓదారుస్తున్నాడు, ఓదార్చేదీ నిజమైన ప్రేమతోనే, అది చూడ్డం ఇంకా కష్టంగా ఉంది. ప్రేమకీ నేరానికీ అదే చెయ్యి. ఆర్టీ భార్య షార్మేన్ ఒక్కతే ఆ టికెట్లు మనకొద్దు, వీళ్ళ దగ్గర ఏదీ తీసుకోవద్దు అని మొదట్నుంచీ గట్టిగా నిలబడింది. మొత్తం 86 ఎపిసోడ్లు, ఆవిడకి ఇంకెన్ని సీన్లు ఉన్నాయో గానీ అన్నీ చూస్తా.